ఇండికేటర్ వేసిన దొంగ

సోమవారం ఉదయం ఆరుంబావుకి వాలువీధి మలుపులో ఒక కారు టైలర్ షాపుని గుద్దింది. టైలర్ ఆ సమయానికి రోడ్డుకి వీపు పెట్టి, వంగి, షట్టర్ పైకెత్తుతున్నాడు. అతని కుడి పాదం బంపర్‌కీ షాపు మెట్టుకీ మధ్య పడి నలిగింది. ఎదురుగా మేడ మీద ఉండే టీకొట్టు యజమాని చప్పుడు విన్నాడు. చెత్త లారీ అనుకుని అటు తిరిగి పడుకున్నాడు. కొంతసేపటికి ఎవరో కింది తలుపు బాదారు. లైటు వేసి, దిగి తలుపు తీస్తే అక్కడ ఎవరూ లేరు. రోడ్డుకి అవతల కారు ఉంది, టైలర్ ఉన్నాడు. కారులో మనిషి లేడు. తాళం చెవి కూడా లేదు.

ఆ కారు రెండు వీధుల అవతల ఉండే డ్రాయింగ్ మాస్టారిది. ఆయన వాకింగ్ నుంచి ఇంటికొచ్చి, గేటు ముందు కారు లేకపోవడం చూసి, చెప్పులు విప్పకుండానే పోలీసులకి ఫోన్ చేశాడు. కారు దొంగలెత్తుకెళ్ళారని చెప్పాడు. మధ్యాహ్నం ఇన్సూరెన్స్ కంపెనీకీ అదే రాసి సంతకం పెట్టాడు.

మరుసటి వారం, మంగళవారం, ఆయన సర్వేయరమ్మ ఆఫీసు మెట్లెక్కాడు.

ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున గుద్దుకున్న బళ్ళని పరీక్షించే పని ఇరవై ఏళ్ళు చేసింది. తరవాత ఆ ఉద్యోగం మానేసి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టింది. జిరాక్స్ షాపు మీద ఒక గది, రెండు బల్లలు. రెండో బల్ల ఆమె అసిస్టెంటుది. అతను పూర్వం పాలసీలు అమ్మేవాడు. సొంత బావమరిది చేత కూడా ఒక్కటి కొనిపించలేకపోయాడు. ఆమె అతన్ని ఇప్పటికీ "ఏజెంటు గారూ" అనే పిలుస్తుంది. ఆమె ఏం చేసినా అతనికి అద్భుతంగానే కనిపిస్తుంది, ఆమె కళ్ళజోడు తుడుచుకున్నా సరే.

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు కానీ ఒళ్ళోంచి సంచి దించలేదు.

"నన్ను జైల్లో పెడతారటమ్మా," అన్నాడు.

"ఎవరు?"

"ఇన్సూరెన్సు వాళ్ళు. తాళం లేకుండా ఈ రకం కారు స్టార్టవదట. తాళమేమో మా ఇంట్లోనే ఉంది. కాబట్టి దొంగా లేడు, గింగా లేడు, నేనో మా అబ్బాయో నడిపి, మనిషిని గుద్ది, పారిపోయి వచ్చి కథలు చెప్తున్నామట. తప్పుడు క్లెయిమ్ పెట్టినందుకు కేసు వేస్తారట. నలభై ఏళ్ళు పిల్లల చేత గీతలు దిద్దించిన చెయ్యమ్మా ఇది."

"తాళం ఎక్కడ పెడతారు?"

"వంటింటి గుమ్మం పక్కన మేకుకి. నేను వాకింగ్‌కి వెళ్ళేటప్పుడు ఉంది, వచ్చేసరికీ ఉంది. రెండో తాళం బీరువాలో. బీరువా తాళం నా జేబులో."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా ఆవిడా, అబ్బాయీ, కోడలూ. అబ్బాయిది ప్రెస్సులో నైట్ డ్యూటీ. ఆ రోజు ఎనిమిది దాటాకే వచ్చాడు, అక్కడ పదిమంది చూశారు. ఇక మిగిలింది ఆడవాళ్ళు. వాళ్ళు కారు ముట్టుకోరు. ముట్టుకోడానికి వీల్లేదు కూడా. పాలసీలో ఉన్నది మా ఇద్దరి పేర్లే. ఇంకెవరన్నా స్టీరింగు పట్టుకుని ఏదన్నా జరిగిందా, రూపాయి రాదు. ఇల్లమ్ముకుని రోడ్డున పడాలి."

అసిస్టెంటు తలెత్తాడు. "అదేంటి మాస్టారూ, పాలసీలో అసలు..."

"ఏజెంటు గారూ, టీ చెప్పండి," అంది సర్వేయరమ్మ.

అతను లేచి కిటికీలోంచి కిందికి కేకేశాడు.

"ఈ మాట ఇంట్లో కూడా చెప్తుంటారా?" అని అడిగింది ఆమె.

"చెప్పకేం? రెండేళ్ళ కిందట మా వాడు గోడకి రాసి బంపర్ ఊడగొట్టాడు. క్లెయిమ్ పెడితే మరుసటేడు ప్రీమియం పెరిగింది. అప్పట్నుంచీ భోజనాల దగ్గర రోజూ అదే పాఠం." మాస్టారు కాస్త తేలికపడ్డాడు. "దానికి తోడు ఈ మధ్య పెట్రోలొకటి. బండి కదలకపోయినా తాగుతోంది. మెకానిక్‌ని అడిగితే వయసైపోయింది మాస్టారూ అంటాడు. బండికా నాకా అంటే నవ్వుతాడు వెధవ."

"కారుని దొంగే నడిపాడని నేను తేలిస్తే ఏమవుతుందో తెలుసా మీకు?"

"నా మీద కేసు పోతుంది."

"అదొకటి. దొంగ నడిపిన బండి ఎవర్ని గుద్దినా మీ కంపెనీ పూచీ ఉండదు. టైలర్‌కి ఏమీ రాదు. ఇప్పుడున్న ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు, అంతవరకే వాళ్ళ వల్ల అవుతుంది. పాదం నిలవాలంటే పెద్దాస్పత్రిలో రెండో ఆపరేషన్ జరగాలి. కంపెనీ హామీ ఇస్తేనే వాళ్ళు చేర్చుకుంటారు. నడిపిందెవరో తేలేదాకా కంపెనీ హామీ ఇవ్వదు."

మాస్టారు సంచి మీద వేళ్ళు నొక్కుకున్నాడు. "తెలుసమ్మా. నా చొక్కాలన్నీ ఆయన కుట్టినవే. కానీ నిజం అదే అయితే నేనేం చెయ్యను?"

"నిజం ఏదైతే అదే రాసిస్తాను. మీకు నచ్చకపోతే ఫీజు వాపసు ఇవ్వను."

"నాకేం భయం? తప్పు చేసినవాళ్ళకి కదా," అన్నాడు మాస్టారు. టీ వచ్చింది. ఆయన సంచి ఒళ్ళోనే ఉంచుకుని కప్పు అందుకున్నాడు.

కారుని ఊరి చివర ఒక షెడ్డులో పెట్టారు. ఆ సాయంత్రం వీళ్ళు వెళ్ళేసరికి కంపెనీ క్లెయిమ్స్ ఆఫీసర్ అక్కడ ఉన్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వేయరమ్మ దగ్గరే పని నేర్చుకున్నాడు.

"ఇందులో మీకు దొరికేదేం లేదు మేడమ్," అన్నాడు. "డ్రైవర్ సీటు చూడండి. చివరిదాకా వెనక్కుంది. నడిపింది పొడుగు మనిషి. తండ్రీ కొడుకులిద్దరూ ఆరడుగులే. కొడుకుని ప్రెస్సులో చూశారు, కాబట్టి తండ్రి."

"సీటు వెనక్కి ఎవరు తోశారు?"

"నడిపినవాడే తోసుంటాడు."

కారుని లాక్కొచ్చిన క్రేన్ డ్రైవర్ గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. అతనూ పొడుగాటి మనిషే. "నేనే తోశాను," అన్నాడు తలెత్తకుండా. "హ్యాండ్‌బ్రేకు దింపాలంటే లోపల కూర్చోవాలి కదండీ. మోకాళ్ళు నెత్తిమీద పెట్టుకోమంటారా?"

ఆఫీసర్ అతని వైపు తిరిగాడు. "ఈ ముక్క నాకు చెప్పలేదే?"

"మీరడగలేదుగా సార్."

"హ్యాండ్‌బ్రేకు వేసుందా?" అంది సర్వేయరమ్మ.

"గట్టిగా వేసుంది. రెండు చేతులా పట్టి దింపాల్సొచ్చింది. గేరు మాత్రం ముందే తీసుంది."

"ఇంకేం ముట్టుకున్నావు?"

"ఇంకేం లేదమ్మా."

ఆమె కిటికీలోంచి తల లోపలికి పెట్టి స్టీరింగు దగ్గర చూసింది. ముందు చక్రాలు ఎడమకి తిరిగి ఉన్నాయి. ఇండికేటర్ కాడ కూడా ఎడమ మలుపుకి వేసినట్టే ఉంది. తరవాత సీటు బెల్టు చేత్తో లాగి చూసింది. అది సాగలేదు, వెనక్కీ చుట్టుకోలేదు. బండి గుద్దుకున్న క్షణంలో బెల్టు బిగిసి, అప్పుడు ఒంటిమీద ఎంత ఉందో ఆ కొలత దగ్గరే ఆగిపోతుంది. ఎవరూ పెట్టుకోకపోతే తలుపు పక్క స్తంభానికి అంటుకుని ఉండేది. ఇది ఉరితాడులా వేలాడుతోంది.

"ఏజెంటు గారూ, కూర్చుని బెల్టు పెట్టుకోండి."

అసిస్టెంటు కూర్చున్నాడు. బెల్టు అతని పొట్ట సగం దాకా వచ్చి ఆగింది.

"ఊపిరి బిగబట్టనా మేడమ్?"

"వారం రోజులు బిగబట్టినా అందదు. దిగండి." ఆమె ఆఫీసర్‌ని చూసింది. "మీరు కూర్చోండి. మీకు పొట్ట లేదు."

ఆఫీసర్ కూర్చున్నాడు. అతనికీ జానెడు తక్కువైంది. కాసేపు బెల్టు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"దొంగ చిన్న మనిషన్న మాట," అన్నాడు.

"బెల్టు పెట్టుకున్న మనిషి. ఇండికేటర్ వేసిన మనిషి. గుద్దాక గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం తీసుకుని దిగిన మనిషి."

"బుద్ధిమంతుడే," అన్నాడు అసిస్టెంటు. "తెల్లారకముందు, ఖాళీ వీధిలో ఇండికేటరా? నేను పట్టపగలు ట్రాఫిక్కులోనే వెయ్యను మేడమ్."

"అది మీ బండి వెనక కూర్చున్న ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను," అంది ఆమె.

బుధవారం పొద్దున ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. టైలర్ మంచం కిటికీ పక్కన ఉంది. మోకాలి కింద నుంచి కాలంతా గుడ్డ చుట్టి ఎత్తు మీద పెట్టారు. భార్య మంచం కోళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది.

"నేనేం చూడలేదమ్మా," అన్నాడు టైలర్. "వెనక వైపు నుంచి వస్తే ఏం చూస్తాను? పడ్డాను. కళ్ళు మూతలు పడుతున్నాయి. మా ఆవిడ వచ్చి, కళ్ళు మూయకండి, నన్నే చూడండి, అంటోంది. తరవాత తెలీదు."

"నేను ఇంట్లో ఉన్నాను అప్పటికి," అంది భార్య. "టీకొట్టాయన ఫోన్ చేశాక పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి ఈయన్ని బండెక్కించేస్తున్నారు. మత్తులో ఏదో విన్నానంటాడు."

"విన్నానే. ఆడ గొంతు. నువ్వు కాకపోతే నాతో అంత చనువుగా ఎవరు మాట్లాడతారు?"

"చూశారా అమ్మా, ఇంత జరిగినా నోరు మాత్రం..." ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

వార్డు డాక్టరు వరండాలో మాట్లాడాడు. టైలర్‌ని తెచ్చేటప్పటికే అతని తొడ చుట్టూ గుడ్డ బిగించి ఉందన్నాడు. షాపులోని లైనింగ్ గుడ్డ. ముడిలో కత్తెర దూర్చి మెలితిప్పారు. "అది కట్టకపోతే దారిలోనే పోయేవాడు. తెలిసిన చెయ్యి కట్టిన కట్టు అది. టీకొట్టాయన్ని మెచ్చుకుంటే, నేను కాదు బాబూ, నేను చూసేసరికే ఉందన్నాడు."

"పాదం సంగతి?"

"నాలుగు రోజుల కిందటే పెద్దాస్పత్రికి పంపాల్సింది. ఇంకా వేడిగానే ఉంది, కానీ రంగు నాకు నచ్చడం లేదు. కాలు పోతే ఆయన మిషన్ ఎలా తొక్కుతాడు? ఆ కాయితమేదో తొందరగా తెప్పించండి."

కిందికి దిగుతుంటే అసిస్టెంటు అన్నాడు, "మేడమ్, గుద్ది పారిపోయినవాడు వేరు, కట్టు కట్టినవాడు వేరు. అంతేగా?"

"ఆ వీధిలో అంత పొద్దున్నే ఇద్దరు మనుషులా? ఒకడు గుద్ది మాయమై, ఇంకొకడు కట్టి మాయమయ్యాడా?"

అతను మూడు మెట్లు ఆలోచించాడు. "ఒక్కరే అయితే మరి ఎందుకు పారిపోయినట్టు?"

"అది మాస్టారింట్లో ఎవరన్నా చెప్తారేమో చూద్దాం. మీరు మాత్రం నాతో రాకండి. ఊళ్ళో డ్రైవింగ్ స్కూళ్ళన్నీ తిరగండి."

"ఏం అడగను?"

"ఎక్కువగా ఇండికేటర్ వేసేవాళ్ళు ఎవరని."

మాస్టారి ఇంట్లో ముందుగది గోడల నిండా ఆయన గీసిన బొమ్మలున్నాయి. అన్నీ గుర్రాలే. ఆయన భార్య భారీ మనిషి. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవడానికి కోడలు చెయ్యి అందించింది. కోడలు ఆవిడ భుజం దాకా వస్తుంది. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది, మధ్యాహ్నం డ్యూటీ. కొడుకు అప్పుడే నిద్రలేచి, మొహం కడుక్కోకుండానే వచ్చి కూర్చున్నాడు.

"కిందటి వారం సోమవారం మాస్టారు వాకింగ్‌కి వెళ్ళాక ఇంట్లో ఏం జరిగింది?" అంది సర్వేయరమ్మ.

"ఏం జరుగుతుంది?" అంది మాస్టారి భార్య. "పాలు పెట్టాను. పొంగిపోయాయి. నేను వంగలేను కదా, అమ్మాయే తుడిచింది. ఇద్దరం వంటింట్లోనే ఉన్నాం. ఈయన వచ్చి దొంగలు దొంగలని అరిచేదాకా కారు సంగతే తెలీదు మాకు."

"గేటు చప్పుడు వినలేదా?"

"ఈ వయసులో నా మాటే నాకు వినపడదు."

"కావలసినవన్నీ వినపడతాయి," అన్నాడు మాస్టారు.

"మీ పాఠం ఒక్కటీ వినపడకుండా ఉంటే బాగుండు."

కొడుకు ఉన్నట్టుండి అన్నాడు, "నేను నడిపానని రాసుకోండి. అయిపోతుంది. ఆయనకి డబ్బొస్తుంది, నాన్నని వదిలేస్తారు."

"నువ్వు ప్రెస్సులో ఉన్నావు కదరా!" అన్నాడు మాస్టారు.

"ఎవరో ఒకరు నడిపారుగా నాన్నా."

సర్వేయరమ్మ అతన్ని చూసింది. "ఒక అబద్ధం మీదే కంపెనీ ఇన్నాళ్ళు కూర్చుంది. రెండోది ఇస్తే ఇంకెన్నాళ్ళు కూర్చుంటుందో," అంది. అతను తల దించుకున్నాడు. భార్య వైపు చూడలేదు.

కోడలు ఆమెని గేటు దాకా సాగనంపింది. గొళ్ళెం తీస్తూ అడిగింది, "మీరు ఆస్పత్రికి వెళ్ళారా అండీ?"

"వెళ్ళాను."

"వేళ్ళు కదుపుతున్నారా?"

"బొటనవేలు కొంచెం."

ఆ అమ్మాయి గేటు పట్టుకుని అలాగే నిలబడింది. సర్వేయరమ్మ రోడ్డు మీద ఆగి, ఆమె ఏమన్నా చెప్తుందేమోనని చూసింది. లోపలి నుంచి అత్తగారు పిలిచింది. కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం మాస్టారి ముందుగదిలో కుర్చీలు చాలక వంటింటి స్టూళ్ళు తెచ్చారు. మాస్టారు, భార్య, కొడుకు, కోడలు ఒక వైపు కూర్చున్నారు. క్లెయిమ్స్ ఆఫీసర్ గుమ్మం దగ్గర. టైలర్ భార్య కుర్చీ అంచున కూర్చుంది, వెనక్కి ఆనలేదు. అసిస్టెంటు నిలబడ్డాడు.

"కారు దొంగ ఎత్తుకెళ్ళలేదు," అంది సర్వేయరమ్మ. "ఎత్తుకెళ్తే తాళాన్ని తెచ్చి మేకుకి తగిలించడు. ఇది కంపెనీకి మొదటిరోజే తెలుసు. కానీ సీటు వెనక్కుందని పొడుగు మనిషిని వెతికారు. ఆ సీటు తోసింది క్రేన్ డ్రైవర్. నడిపిన మనిషి కొలత బెల్టులో ఉంది. మాస్టారికి ఆ బెల్టు పట్టదు, అబ్బాయికి పట్టదు, అమ్మగారికి అసలే పట్టదు."

మాస్టారు భార్యని చూశాడు. తరవాత కోడలిని చూశాడు.

"ఖాళీ వీధిలో ఇండికేటర్ వేశారు. భయంలో కూడా గేరు తీసి హ్యాండ్‌బ్రేకు వేశారు. దొంగలకీ, నాలాంటి పాత డ్రైవర్లకీ ఆ అలవాటుండదు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి ఉంటుంది, ఎందుకంటే నేర్పినవాడు ఇంకా చెవిలో అరుస్తుంటాడు. ఏజెంటు గారూ."

"మూడో స్కూల్లో దొరికింది మేడమ్," అన్నాడు అసిస్టెంటు. గొంతు సవరించుకున్నాడు. ఈ ఘట్టం కోసం అతను పొద్దుటి నుంచీ ఎదురుచూశాడు, ఇప్పుడు మాత్రం నేల చూస్తూ చెప్పాడు. "ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. ఆరు నెలల కిందట లైసెన్సొచ్చింది. గ్రౌండులో ఒక్కతే ఉన్నా ఇండికేటర్ వెయ్యకుండా తిప్పేది కాదన్నాడు మాస్టారు. అంటే, అక్కడి మాస్టారు."

"కారు పెట్రోలు తాగుతోందని మీరన్నారు," అంది సర్వేయరమ్మ డ్రాయింగ్ మాస్టారితో. "మీరు వాకింగ్‌కి వెళ్ళిన రోజుల్లో కారు కూడా వెళ్తోంది. టైలర్ తొడకి కట్టిన కట్టు రక్తం తీసే ఉద్యోగం చేసే చెయ్యి కట్టింది. పాదం నలిగిన మనిషి గురించి అందరూ ఎలా ఉన్నాడని అడుగుతారు. వేళ్ళు కదుపుతున్నారా అని ఒక్కళ్ళే అడిగారు."

కోడలు లేచి నిలబడింది.

"నేనే," అంది. "ల్యాబ్‌లో ఇళ్ళకెళ్ళి నమూనాలు తెచ్చే పోస్టు ఖాళీగా ఉంది. కారు నడపడం రావాలి. పరీక్ష పెడతామన్నారు. అందుకని ప్రాక్టీసు చేస్తున్నాను. ఆ రోజు మలుపులో బ్రేకు అనుకుని ఆక్సిలరేటర్ తొక్కాను. ఫోను ఇంట్లో వదిలేశాను. రక్తం ఆపాను. టీకొట్టు తలుపు కొట్టాను. మేడ మీద లైటు వెలిగింది. ఆయన దిగుతున్నాడని తెలిశాక వచ్చేశాను."

"నువ్వే కట్టావా?" అంది టైలర్ భార్య.

"అవునండీ."

"గుద్దిందీ నువ్వేనా?"

"అవునండీ."

"ఆ గొంతు నాదనుకున్నాడు," అంది టైలర్ భార్య.

"ఎందుకు దాచావమ్మా?" అన్నాడు మాస్టారు. "నాతో చెప్తే నేను నిన్ను కొడతానా?"

"చెప్దామనే వచ్చాను మామయ్యా. మీరొచ్చేసరికి మాటలు కూడదీసుకుంటున్నాను. మీరు గుమ్మంలోంచే దొంగలని అరుస్తూ ఫోన్ చేసేశారు. తరవాత సంతకం కూడా పెట్టేశారు. నా పేరు పాలసీలో లేదు కదా. నేనని తెలిస్తే రూపాయి రాదు, ఇల్లమ్మాలి. ఇప్పుడు చెప్తే మీరు అబద్ధం రాశారని మిమ్మల్నీ పట్టుకుంటారు."

"నేనే చెప్పొద్దన్నాను," అంది మాస్టారి భార్య. "చేతుల నిండా రక్తంతో వచ్చింది. నా సింకులోనే కడిగాను. పాలు పొంగాయని నేనే అన్నాను. రోజూ మీరేగా చెప్పేది, రోడ్డున పడతామని. ఈ వయసులో ఎక్కడికి పోతాం?"

సర్వేయరమ్మ ఆఫీసర్ వైపు తిరిగింది. "వీళ్ళ పాలసీలో ఎవరు నడపొచ్చు?"

"లైసెన్సున్న కుటుంబసభ్యులు ఎవరైనా నడపొచ్చు మేడమ్. పేరు ఉండక్కర్లేదు. ఆ రోజే నిజం చెప్పుంటే సాయంత్రానికి ఆస్పత్రికి హామీ వెళ్ళేది. కారు రిపేరు ఖర్చు కూడా వచ్చేది."

"పేర్లుండాలని ఎక్కడ చదివారు మాస్టారూ?" అంది సర్వేయరమ్మ.

మాస్టారు గోడ మీది గుర్రాలని చూశాడు.

"చదవలేదు," అన్నాడు.

"మరి?"

"కారు ఇవ్వనంటే ఇంట్లో గొడవ. పెళ్ళయిన కొత్తలో అమ్మాయి నేర్చుకుంటానంది. అబ్బాయి అప్పటికే బంపర్ ఊడగొట్టాడు. ఇంకొకరి చేతికిస్తే ఇంకోసారి ప్రీమియం పెరుగుతుందని..." ఆగాడు. "ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను. వినేశారు. అదేదో పనికొచ్చిందని రోజూ అన్నాను. అనగా అనగా నాకూ అదే రూలనిపించింది."

కొడుకు లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

"మొన్న మొన్నటిదాకా బొటనవేలు బాగానే కదిపాడు," అంది టైలర్ భార్య, ఎవరితోనని కాదు.

"లైసెన్సు తెస్తాను," అంది కోడలు.

గేటు దాటాక అసిస్టెంటు ఆగాడు. "నేను మొదటిరోజే చెప్పబోయాను మేడమ్, పేరక్కర్లేదని," అన్నాడు.

"మిమ్మల్ని ఆపింది నేనే. ఆ రూలు ఆ ఇంట్లో ఎవరెవరు నమ్ముతున్నారో తెలియాలనుకున్నాను. తెలియడానికి రెండు రోజులు పట్టింది," అంది సర్వేయరమ్మ. కళ్ళజోడు తీసింది, తుడవకుండానే మళ్ళీ పెట్టుకుంది.

గురువారం సాయంత్రం కోడలు పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం ఇచ్చి లైసెన్సు అప్పగించింది. భర్త పక్కన ఉన్నాడు. మాస్టారు దొంగతనం క్లెయిమ్ వెనక్కి తీసుకున్నాడు. కారు నష్టం చెల్లించేది లేదని కంపెనీ అక్కడికక్కడే చెప్పింది, ఆయన ఒప్పుకున్నాడు. టైలర్ వైద్యానికి హామీ ఇస్తూ ఆఫీసర్ పంపిన కాయితం ఏడు గంటలకి పెద్దాస్పత్రికి చేరింది. టైలర్‌ని ఆ రాత్రే అక్కడికి మార్చారు.

శుక్రవారం పొద్దున సర్జన్ కట్టు విప్పి చూశాడు. అనుకున్న ఆపరేషన్ చెయ్యలేదు. మధ్యాహ్నం టైలర్ భార్య చేత సంతకం తీసుకుని, కుడి పాదాన్ని చీలమండ పైనుంచి తీసేశారు.